నెల తప్పింది, నడక మానాలా?

పాఠకుల ప్రశ్నలు: స్త్రీల వైద్యురాలు, ఫిజియోథెరపిస్టు జవాబులు

కడుపుతో ఉన్న తొలి మూడు నెలల్లో ఒళ్లు ఎంత కదపాలి, ఎంత దాచుకోవాలి అని శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాలను ఈసారి ఒకచోట చేర్చాం. ఒకే సంగతి అడిగినవాటిని కలిపేశాం. వారాల లెక్క అంతటా చివరి నెలసరి మొదటి రోజు నుంచి. మీ తల్లీబిడ్డ కార్డులో రాసేదీ ఆ లెక్కే.

*

ప్రశ్న: మొదటి కాన్పు. ఏడో వారం నడుస్తోంది. పెళ్లికి ముందు నుంచీ రోజూ పొద్దున్నే అయోధ్య మైదానంలో నలభై నిమిషాలు నడిచే అలవాటు. నెల తప్పిందని తెలియగానే మా అత్తగారు ‘మూడు నెలలు నిండేదాకా గడప దాటకు, కుదుపు తగిలితే నిలవదు’ అన్నారు. మా అమ్మదీ అదే మాట. డాక్టరుగారేమో ‘మామూలుగా ఉండండి’ అని ఊరుకున్నారు. ఎవరి మాట వినాలి?
– ఒక సోదరి, విజయనగరం

జవాబు: డాక్టరుగారి మాటే వినండి. కానీ అత్తగారి భయం ఎక్కడ పుట్టిందో కూడా తెలుసుకోండి, రేపు ఆవిడకు నచ్చజెప్పాల్సింది మీరే కదా.

నిలిచిందని తెలిసిన కడుపుల్లో నూటికి పది నుంచి ఇరవై దాకా నిలవకుండా పోతాయి. అందులో ఎక్కువ భాగం పన్నెండు వారాల లోపే. అలా పోయిన ప్రతిసారీ ముందు రోజు ఏం చేశామని వెతుక్కుంటాం. బిందె మోసి ఉంటాం, మేడ మెట్లు ఎక్కి ఉంటాం, బస్సులో ఊరెళ్లి ఉంటాం. నింద దాని మీద పడుతుంది. తొలి నెలల్లో పోయిన కడుపుల్లో సుమారు సగానికి అసలు కారణం పిండం ఏర్పడినప్పుడే క్రోమోజోముల లెక్క తప్పడం. ఆ లెక్కను నడక చెడగొట్టలేదు, మంచం మీద పడుకోవడం బాగుచేయలేదు. పూర్తిగా మంచం పడితే కడుపు నిలుస్తుందన్న ఆధారం లేదు. పైగా కదలకుండా పడుకుంటే కాళ్ల సిరల్లో రక్తం గడ్డకట్టే ముప్పు పెరుగుతుంది, కడుపుతో ఉన్నవాళ్లకు ఆ ముప్పు మామూలుగానే ఎక్కువ.

ఇప్పుడు మీ బిడ్డ చింతగింజంత. చుట్టూ ఉమ్మనీరు, దాని చుట్టూ గర్భసంచి దళసరి గోడ, ఆ సంచి చుట్టూ కటి ఎముకల గిన్నె. పన్నెండో వారం దాకా గర్భసంచి ఆ గిన్నెలోనే ఉంటుంది. నడకలో వచ్చే కుదుపు అక్కడిదాకా చేరి చేసే చెరుపేమీ లేదు. మనం నిజంగా జాగ్రత్తపడాల్సినవి మూడు: ఒళ్లు బాగా వేడెక్కడం, ఖాళీ కడుపుతో నీళ్లు తక్కువై కళ్లు తిరగడం, కాలు జారి పడడం. మీ అత్తగారి భయాన్ని ఈ మూడింటి వైపు మళ్లించగలిగితే ఆవిడే మీకు మంచి కాపలా.

మీ నలభై నిమిషాలూ కొనసాగించవచ్చు. 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, ఇబ్బందులేమీ లేని గర్భిణులు వారానికి కనీసం 150 నిమిషాలు మోస్తరు శ్రమ చేయాలి. మీరు వారానికి నాలుగు రోజులు నడిస్తేనే అది దాటిపోతుంది. వేగానికి కొలత మీ గొంతే: పక్కావిడతో ఆగకుండా మాట్లాడగలగాలి, పాట ఎత్తుకుంటే మాత్రం ఊపిరి చాలకూడదు. మాట తెగిపోతుంటే వేగం తగ్గించండి. నాడి పట్టుకుని అంకెలు లెక్కపెట్టకండి. ఈ రోజుల్లో గుండె మామూలుకంటే నిమిషానికి పది, ఇరవై సార్లు ఎక్కువే కొట్టుకోవచ్చు కాబట్టి పాత అంకె పనికిరాదు. నిన్నటి వేగానికే ఇవాళ ఆయాసం వస్తే బలహీనపడ్డారని కాదు. ప్రొజెస్టిరాన్ హార్మోను శ్వాసను ముందుకు తోస్తుంది, అంతే.

ఆ హార్మోనే రక్తనాళాల్ని వదులు చేస్తుంది. అందుకే చాలామందికి నడుస్తున్నప్పుడు బాగానే ఉండి, ఆపి నిలబడగానే కళ్లు బైర్లు కమ్ముతాయి. పిక్కలు కదులుతున్నంతసేపు రక్తాన్ని పైకి నెడతాయి, ఠక్కున ఆగితే అది కాళ్లలోనే నిలిచిపోతుంది. కాబట్టి చివరి ఐదు నిమిషాలు నెమ్మదిగా నడిచి ఆగండి. తెలిసినవాళ్లు కనబడ్డారని మైదానం మధ్యలో కదలకుండా నిలబడి కబుర్లు పెట్టుకోకండి, కూర్చుని మాట్లాడండి. క్రికెట్ ఆడే కుర్రాళ్ల వైపు కాక అంచు పట్టుకుని నడవడం మంచిది. బంతి ఎవరి మాటా వినదు.

*

ప్రశ్న: నాకు తొమ్మిదో వారం. ఇంతకుముందు వ్యాయామం అన్నది ఎరగను. స్కూల్లో పాఠాలు చెబుతాను, ఇంట్లో వంట, గిన్నెలు, బట్టలు నేనే. ఇప్పుడు మొదలుపెట్టవచ్చా? పొద్దున్న లేస్తే వాంతులు. పళ్లు తోముకోవడమే యుద్ధం. ఏ పూట, ఎంతసేపు, ఏం చేయాలో వివరంగా రాయండి.
– నరసన్నపేట

జవాబు: మొదలుపెట్టవచ్చు. ముందుగా ఒక మాట: రోజంతా నిలబడి పాఠం చెప్పడం, గిన్నెలు తోమడం అలసట తెస్తాయి గానీ వ్యాయామం పని చేయవు. అందులో గుండె వేగం కాసేపు పెరిగి నిలవదు, నడుముకు మాత్రం బరువు పడుతుంది. కాబట్టి ‘పని చేస్తున్నాను కదా’ అని నడక మానేయకండి. పనికి తోడు నడక అని కూడా అనుకోకండి. ఇంటి పనిలో అరగంట ఇంకొకరికి అప్పగించి ఆ అరగంట నడవండి.

మొదలుపెట్టే ముందు మీ డాక్టరును గానీ ఏఎన్ఎంను గానీ అడగాల్సినవి ఇవి. గుండె, ఊపిరితిత్తుల జబ్బు ఉందా? బీపీ ఎంత? హిమోగ్లోబిన్ ఎంత? గర్భసంచి ముఖద్వారం బలహీనమని ఎప్పుడైనా చెప్పారా, కుట్టు వేశారా? రక్తం కనబడిందా? హిమోగ్లోబిన్ 11 కంటే తక్కువైతే రక్తహీనత. 7 కంటే తక్కువైతే వ్యాయామం మాట పక్కనపెట్టి ముందు వైద్యం. మధ్యలో ఉన్నవాళ్లు వైద్యం తీసుకుంటూ, డాక్టరు సరేనంటే నెమ్మదిగా నడవచ్చు, కానీ మాట తెగకూడదన్న నియమం వాళ్లకు మరీ గట్టిది. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆస్పత్రుల్లో గర్భిణులకు ప్రత్యేక పరీక్షలు ఉంటాయి, ఇవన్నీ అక్కడ ఉచితంగా తేలిపోతాయి.

పూట: వాంతులు మీకు పొద్దున్న కాబట్టి నడక సాయంత్రం పెట్టుకోండి, అయిదున్నర తర్వాత. కొందరికి సాయంత్రాలే వికారం, వాళ్లు ఉదయం నడవాలి. ఏ పూటయినా ఖాళీ కడుపు పనికిరాదు, నిండు కడుపూ పనికిరాదు. నడకకు ముప్పావుగంట ముందు ఒక అరటిపండు, లేదా అరగ్లాసు చోడి అంబలి మజ్జిగ కలిపి. బయల్దేరే ముందు గ్లాసు నీళ్లు, దారిలో గుక్కెడు గుక్కెడు. ఒక్కసారే గటగట తాగితే వాంతి తన్నుకొస్తుంది.

ఎంతసేపు: మొదటి వారం పది నిమిషాలు, ఐదు రోజులు. తర్వాత వారానికి ఐదేసి నిమిషాలు పెంచుతూ ముప్పైకి చేరండి. మరునాడు పొద్దున్న కూడా అలసట తీరకపోతే పెంచకండి, ఆ వారం మళ్లీ అంతే నడవండి. పదేసి నిమిషాల చొప్పున మూడు పూటలు నడిచినా లెక్కే.

నడకతో పాటు వారానికి మూడు రోజులు, రోజు విడిచి రోజు, ఇంట్లో ఈ ఐదూ చేయండి. పావుగంట చాలు.

కుర్చీలోంచి లేవడం: ప్లాస్టిక్ కుర్చీ అయితే వెనక గోడకు ఆనించండి, లేకపోతే నున్నటి గచ్చు మీద జారుతుంది. అంచున కూర్చుని, పాదాలు భుజాలంత ఎడంగా పెట్టి, చేతుల సాయం లేకుండా ఊపిరి వదులుతూ లేవండి, పీలుస్తూ మెల్లగా కూర్చోండి. ఎనిమిది సార్లు. మోకాళ్లు లోపలికి వాలిపోతుంటే పాదాలు ఇంకాస్త ఎడం చేయండి.

గోడను నెట్టడం: గోడకు చేయి చాపినంత దూరంలో నిలబడి, అరచేతులు భుజాల ఎత్తులో ఆనించి, మోచేతులు వంచుతూ గోడ దగ్గరికి వెళ్లి తిరిగి రండి. ఎనిమిది నుంచి పది సార్లు. తల నుంచి మడమ దాకా ఒకటే గీతలా ఉండాలి, నడుము ముందుకు వేలాడకూడదు.

మడమలెత్తడం: కిటికీ ఊచ పట్టుకుని మునివేళ్ల మీద లేచి, రెండు అంకెలు లెక్కపెట్టి దిగండి. పదిహేను. సాయంత్రం పిక్కలు పీకే టీచర్లకు ఇది మంచిది. క్లాసులో బల్ల పట్టుకుని కూడా చేసుకోవచ్చు.

పిల్లి భంగిమ: చాప మీద మోకాళ్లు, అరచేతులు ఆనించి, ఊపిరి వదులుతూ నడుమును పైకి గూనులా లేపండి, పీలుస్తూ సమంగా తీసుకురండి. ఎనిమిది. సమంగా దగ్గర ఆగాలి. నడుమును కిందికి వేలాడదీయకండి. రిలాక్సిన్ అనే హార్మోను కీళ్ల కట్లను వదులు చేసే కాలమిది, వంగినంత మేరా వంగితే ఆ నొప్పి తర్వాత తెలుస్తుంది.

కటి అడుగు కండరాల బిగింపు: అపానవాయువు రాకుండా ఆపుకున్నట్టు, మూత్రం ఆపుకున్నట్టు లోపల కండరాన్ని పైకి లాగి అయిదు అంకెలు లెక్కపెట్టండి, వదిలి మరో అయిదు అంకెలు ఆగండి. పది సార్లు, రోజుకు మూడు పూటలు, ఇది మాత్రం ప్రతిరోజూ. ఇక్కడ జరిగే పొరపాట్లు మూడు. లోపలి కండరం బదులు పిరుదులూ తొడలూ బిగించడం. ఊపిరి బిగబట్టడం: లెక్క పైకి చదివితే బిగబట్టలేరు. ఇంకొకటి, మూత్రం పోస్తూ మధ్యలో ఆపి సాధన చేయడం. కండరం ఏదో గుర్తుపట్టడానికి ఒక్కసారి చూస్తే చూడండి గానీ అలవాటు చేసుకోకండి, మూత్రం పూర్తిగా ఖాళీ కాక ఇన్ఫెక్షన్ రావచ్చు. కండరాన్ని పూర్తిగా వదలడం కూడా సాధనలో భాగమే, బిగించి ఉంచితే లాభం లేదు.

వాంతుల సంగతి. రోజంతా ఏ నీళ్లూ లోపల నిలవకపోయినా, మూత్రం తగ్గి గానుగనూనె రంగుకు వచ్చినా, బరువు ఇరవయ్యో వంతు తగ్గినా (యాభై కిలోల మనిషి రెండున్నర కిలోలు) అది వేవిళ్లు దాటింది. వ్యాయామం ఆపి ఆస్పత్రికి వెళ్లండి. ఫోలిక్ యాసిడ్ 400 మైక్రోగ్రాముల మాత్ర మాత్రం మానకండి, పొద్దున్న పడకపోతే రాత్రి వేసుకోండి. ఐరన్ మాత్రలు మామూలుగా నాలుగో నెల నుంచి ఇస్తారు.

*

ప్రశ్న: మేము పత్తి ఏకి రాట్నం మీద నూలు వడుకుతాం. పొద్దున్నుంచి నేల మీద కూర్చునే పని. ఇప్పుడు నాకు మూడో నెల. కూర్చుని లేస్తే నడుము పట్టేస్తోంది, ఒక కాలు తిమ్మిరెక్కుతోంది. కూర్చునే పనే కదా, తేలికని అందరూ అంటున్నారు.
– పొందూరు

జవాబు: తేలిక పని కాదమ్మా. వడికేటప్పుడు ఒక చెయ్యి రాట్నం తిప్పుతుంది, ఒక చెయ్యి దారం లాగుతుంది, నడుము మాత్రం ఒకే వైపు కాస్త మెలికపడి గంటల తరబడి కదలదు. మడిచిన కాలు కింద నరం నలిగితే తిమ్మిరి. పిక్కలు కదలక రక్తం కిందే నిలుస్తుంది.

మీరు విడిగా వ్యాయామం మొదలుపెట్టే ముందు కూర్చునే తీరు మార్చండి. పిరుదుల కింద నాలుగు వేళ్ల మందాన మడతపెట్టిన దుప్పటి వేసుకోండి. తుంటి మోకాళ్లకంటే కాస్త ఎత్తులో ఉంటే నడుము గూనిపడదు. ఎత్తు పీటా, దానికి తగ్గట్టు రాట్నం కింద చెక్కా దొరికితే మరీ మంచిది. ఒకే కాలు మడవకండి, అరగంటకోసారి కాలు మార్చండి. ముప్పావుగంటకు ఒకసారి లేచి తీరాలి. ఎంత అయిందో గడియారం చూడలేమనుకుంటే, ఇన్ని కదుళ్లు నిండగానే లేవాలని మీ చేతి వేగాన్ని బట్టి ఒక లెక్క పెట్టుకోండి. లేచేటప్పుడు ఒక మోకాలు నేలకు ఆనించి, గోడ పట్టుకుని లేవండి, ఠక్కున లేస్తే కళ్లు తిరుగుతాయి. లేచాక ఇంట్లోనే రెండు నిమిషాలు నడక, చేతులు పైకి చాచడం ఐదుసార్లు, పైన చెప్పిన మడమలెత్తడం పది. కూర్చున్నప్పుడు కూడా కాళ్లు చాపుకుని పాదాలను ముందుకూ వెనక్కూ ఇరవై సార్లు ఆడించవచ్చు.

పత్తి ధూళి లోపలికి పోకుండా ఏకేటప్పుడు ముక్కుకు పల్చటి గుడ్డ కట్టుకోండి. సాయంత్రం పావుగంట బయట నడక. ఒక పిక్క మాత్రమే వాచి, నొప్పి పెట్టి, తాకితే వేడిగా ఉంటే నలగ్గొట్టవద్దు, నూనె రాసి మర్దనా చేయవద్దు. అది సిరలో గడ్డ కావచ్చు, ఆ రోజే డాక్టరుకు చూపించాలి.

*

ప్రశ్న: పదో వారం. ఉపాధి పనికి వెళ్తున్నాను, మట్టి తట్ట మోత. పని మానితే ఇల్లు గడవదు. ఏ మేరకు చేయొచ్చు? ఇంటికొచ్చాక వేరే వ్యాయామం చేయాలా?
– గంట్యాడ మండలం నుంచి

జవాబు: రెండో ప్రశ్నకు ముందు జవాబు: అక్కర్లేదు. ఇంటికొచ్చాక ఎడమవైపుకు తిరిగి గంటసేపు పడుకోండి, కటి కండరాల బిగింపు ఒక్కటే చేయండి. మీకు కావలసింది వ్యాయామం కాదు, విశ్రాంతి.

ఇక మోత. ఎప్పుడో ఒకసారి బరువెత్తడం వేరు, గంటకు ముప్పై సార్లు ఎత్తడం వేరు. రోజంతా పదేపదే మోయాల్సి వస్తే ఎనిమిది కిలోలు దాటనివ్వకండి. నిండు తట్ట తడిమట్టి దానికి రెట్టింపు కూడా తూగుతుంది, కాబట్టి సగం తట్టే మోయాలి. ఇంట్లో బిందెకూ ఇదే లెక్క. పది లీటర్ల నీళ్లంటే పది కిలోలు, బిందె బరువు అదనం. చంకనెత్తుకుంటే నడుము ఒక పక్కకు లాగుతుంది, రెండు చేతుల్లో రెండు చిన్న బకెట్లయితే సమంగా ఉంటుంది. నేల మీది బరువును నడుము వంచి ఎత్తకండి. మోకాళ్లు వంచి గొంతుకు కూర్చుని, బరువును ఒంటికి దగ్గరగా పట్టుకుని, ఊపిరి వదులుతూ లేవండి.

పని చూసే మేట్‌కు మూడో నెలలోనే చెప్పండి. కడుపు కనబడేదాకా దాచుకోకండి. గర్భిణులకు తేలిక పని అప్పగించడం అక్కడ ఉన్న పద్ధతే: నీళ్లు అందించడం, పిల్లల్ని చూసుకోవడం లాంటివి.

మట్టి మోత కంటే మాకు ఎక్కువ భయం ఎండ. తొలి వారాల్లో ఒంటి వేడి 39 డిగ్రీలు, అంటే 102 ఫారన్‌హీట్ దాటి చాలాసేపు నిలిస్తే బిడ్డ వెన్ను, మెదడు ఏర్పడడంలో లోపాలు రావచ్చు. వెన్ను, మెదడుగా మారే నాళం ఆరో వారానికే మూసుకుంటుంది కాబట్టి మీకు ఆ గండం గడిచింది. అయినా వడదెబ్బ ఏ నెలలోనూ మంచిది కాదు. మన వైపు సముద్రపు గాలిలో తేమ ఎక్కువ, చెమట పడుతుంది గానీ ఆరదు. చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడేది. అందువల్ల లోపలి ప్రాంతాలవాళ్లు తట్టుకునే ఎండను కూడా మనం తట్టుకోలేం. పొద్దున్నే వెళ్లి పది లోపు ముగించుకోండి. లీటరున్నర సీసాతో ఉప్పేసిన మజ్జిగో, అంబలి మీది తేటో వెంట ఉండాలి. చెమట పట్టడం ఆగిపోయి ఒళ్లు కాలుతుంటే, తలనొప్పి, వికారం వస్తే నీడకు చేరి తడిగుడ్డ కప్పుకుని అక్కడికే 108 పిలిపించండి. జ్వరం వచ్చినా ఇదే వేడి సూత్రం, ఓర్చుకోకుండా పారాసిటమాల్ వేసుకుని డాక్టరును కలవండి.

*

ప్రశ్న: నేను కాలేజీ రోజుల నుంచి వెయిట్‌లిఫ్టింగ్ చేస్తున్నాను. ఇప్పుడు ఆరో వారం. మా కోచ్ గారు మొత్తం ఆపేయమన్నారు. ఆపాలా?
– ఆమదాలవలస

జవాబు: కరణం మల్లీశ్వరి పెరిగిన ఊసవానిపేట పక్కనే ఉండి ఈ ప్రశ్న రావడం సహజం. 2000 సిడ్నీ ఒలింపిక్స్ కాంస్యం తర్వాత ఆ చుట్టుపక్కల బార్ చూడని ఆడపిల్ల తక్కువ.

మొత్తం ఆపక్కర్లేదు, పోటీ బరువులు మాత్రం ఆపాలి. గరిష్ఠ బరువు ఎత్తేటప్పుడు ఊపిరి బిగబట్టి కడుపు బిగిస్తారు కదా, అప్పుడు పొట్టలో ఒత్తిడీ బీపీ ఒక్కసారిగా లేస్తాయి. కటి అడుగు కండరాల మీద ఆ బరువంతా పడుతుంది. అందువల్ల పోటీల్లో బరువును తల మీదికెత్తే పద్ధతులు స్నాచ్, క్లీన్ అండ్ జెర్క్ రెండూ పక్కనపెట్టండి. బార్ పొట్టకు తగిలే అవకాశం, తల మీది బరువుతో తూలే అవకాశం కూడా వాటిలో ఉన్నాయి. స్క్వాట్, డెడ్‌లిఫ్ట్, కూర్చుని వరుసగా లాగడం లాంటివి ఉంచుకోండి. బరువు ఎంతంటే, ఊపిరి ఎక్కడా బిగబట్టకుండా పన్నెండు నుంచి పదిహేను సార్లు చేశాక ఇంకా రెండు మూడు చేయగలనని అనిపించాలి. అంకె మీ పాత బరువుల్ని బట్టి కాదు, ఆ రోజు ఒంటిని బట్టి. సెట్ల మధ్య రెండు నిమిషాలు కూర్చోండి. బార్‌ను రాక్ మీది నుంచే తీసుకోండి. వీపు మీద పడుకుని చేసే బెంచ్ ప్రెస్ నాలుగో నెల దాకా ఫరవాలేదు. ఆ తర్వాత గర్భసంచి బరువు వెనక పెద్ద సిరను నొక్కుతుంది, బెంచ్ వాలుగా పెట్టుకోవాలి.

జిమ్ గదిలో ఫ్యాను, కిటికీ ఉన్నాయా చూసుకోండి. రేకుల షెడ్డులో మే నెల మధ్యాహ్నం ఏ వ్యాయామమూ వద్దు.

*

ప్రశ్న: ఫోన్‌లో చూసి యోగా చేస్తున్నాను. ఎనిమిదో వారం. కపాలభాతి చేయొచ్చా?
– చీపురుపల్లి

జవాబు: వద్దు. కపాలభాతి, భస్త్రిక లాంటి వేగంగా ఊపిరి కొట్టే ప్రాణాయామాలు, కుంభకం పట్టడం (ఊపిరి బిగబట్టడం), పొట్ట మీద పడుకునే ఆసనాలు, నడుమును బాగా మెలిపెట్టేవి, తలకిందులు ఆసనాలు ఇప్పుడు వదిలేయండి. తాడాసనం గోడ దగ్గర, బద్ధకోణాసనం మోకాళ్లను బలవంతంగా నొక్కకుండా, ఊపిరి నిలపని అనులోమ విలోమం, ఎడమవైపు తిరిగి శవాసనం చేసుకోవచ్చు. వేడి గదిలో చేసే యోగా అసలే వద్దు.

*

ప్రశ్న: మాది ఉద్దానం. మా మామగారికి, బావగారికి కిడ్నీ జబ్బు. నాకిప్పుడు రెండో నెల. నడిస్తే చెమట పట్టి నీళ్లు తగ్గుతాయి, కిడ్నీలకు దెబ్బ అని ఇంట్లో భయపడుతున్నారు.
– కవిటి

జవాబు: వాళ్ల జబ్బు మీకు రక్తసంబంధంగా వచ్చేది కాదు గానీ, మీరూ ఆ జబ్బు ఎక్కువగా ఉన్న చోటే ఉంటున్నారు కాబట్టి భయాన్ని కొట్టిపారేయకుండా పరీక్షతో తేల్చుకోండి. తొలి పరీక్షల్లోనే బీపీ, మూత్రంలో అల్బుమిన్, రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీలు వడకట్టి బయటికి పంపే వ్యర్థం) పరీక్షలు చేయించండి. ఒక కిటుకు గుర్తుంచుకోండి. కడుపుతో ఉన్నప్పుడు కిడ్నీలు ఎక్కువ రక్తాన్ని వడకడతాయి, క్రియాటినిన్ తగ్గాలి. ల్యాబ్ కాగితం మీద ‘నార్మల్’ అని అచ్చయ్యే 1.0 కూడా గర్భిణికి నార్మల్ కాదు, 0.9 దాటితే డాక్టరుకు ప్రత్యేకంగా చూపించండి. మూడూ బాగుంటే నెమ్మది నడక మీ కిడ్నీలకు చేసే కీడు లేదు.

నీడలో, చల్లటి పూట, కొబ్బరితోటల మధ్య ఇరవై నిమిషాలు నడవండి. దాహం వేసేదాకా ఆగకుండా తాగండి. మూత్రం నిమ్మరసం పిండిన నీళ్ల రంగులో ఉంటే చాలినంత తాగుతున్నట్టు. ఇంటికి శుద్ధి చేసిన నీళ్లు అందుతుంటే వంటకూ తాగడానికీ అవే వాడండి. అన్నిటికంటే ముఖ్యం, నడుము నొప్పనో కాలు నొప్పనో మందుల షాపులో అడిగి డైక్లోఫెనాక్, ఇబుప్రొఫెన్ వేసుకోకండి. కిడ్నీలకూ మంచిది కాదు, కడుపులో బిడ్డకూ మంచిది కాదు.

*

ప్రశ్న: పోయిన ఏడాది రెండో నెలలో పోయింది. ఇప్పుడు ఎనిమిదో వారం, నిన్న బట్టకు ఎర్రటి మచ్చ అంటింది. నొప్పి లేదు. నడక ఆపేశాను, పూర్తిగా మంచం మీదే ఉన్నాను. ఎన్ని వారాలు ఇలా ఉండాలి?
– పేరు వద్దు, బొబ్బిలి

జవాబు: నడక ఆపడం సరైనదే. మంచం మీదే ఉండిపోవడం కాదు. తొలి నెలల్లో దాదాపు నలుగురిలో ఒకరికి కాస్తో కూస్తో రక్తం కనబడుతుంది, వాళ్లలో చాలామందికి కాన్పు మామూలుగానే అవుతుంది. కానీ ఏదో తేలేదాకా వ్యాయామం వద్దు. ఒకటి రెండు రోజుల్లో స్కానింగ్ చేయించండి. కడుపు గర్భసంచిలోనే ఉందా, బిడ్డ గుండె కొట్టుకుంటోందా, సంచి పక్కన రక్తపు గడ్డ ఉందా అన్నది అందులో తెలుస్తుంది. మీ రక్తం గ్రూపు నెగటివ్ అయితే ఆ మాట అక్కడ తప్పక చెప్పండి.

స్కానింగ్ బాగుండి, మచ్చ ఆగి వారం అయ్యాక, డాక్టరు సరేనంటే మళ్లీ పది నిమిషాల నడకతో మొదలు. గడ్డ ఉందంటే అది కరిగిందని మరో స్కానింగ్‌లో తేలేదాకా బరువులు, పరుగు వద్దు. ఈలోగా ఇంట్లో తిరగడం, వంట, స్నానం మామూలుగా చేసుకోవచ్చు. పోయినసారి పోయింది మీరు చేసిన పని వల్ల కాదు.

గంటలో ప్యాడ్ నిండా తడిసినా, పొత్తికడుపులో ఒక పక్కన పొడిచినట్టు నొప్పి వచ్చినా, భుజం కొన దగ్గర నొప్పి వచ్చి కళ్లు తిరిగినా రేపటిదాకా ఆగకండి. కడుపు గర్భసంచిలో కాక బయట నాళంలో నిలిచి ఉండొచ్చు. వెంటనే 108.

*

ప్రశ్న: మా ఆవిడకు మూడో నెల. రోజూ స్కూటీ మీద పన్నెండు కిలోమీటర్లు ఉద్యోగానికి వెళ్తుంది. మేముండేది మూడో అంతస్తు, లిఫ్టు లేదు. రెండూ మాన్పించాలా?
– రాజాం

జవాబు: మెట్లు మాన్పించక్కర్లేదు. కమ్మీ పట్టుకుని, అంతస్తుకోసారి ఆగి, చేతిలో సంచులు లేకుండా ఎక్కితే అదే వ్యాయామం. సంచులు మీరు పట్టుకోండి. దిగేటప్పుడు చీర కుచ్చిళ్లు, పాత హవాయి చెప్పులు చూసుకోవాలి, జారేది దిగేటప్పుడే.

స్కూటీ మీది కుదుపుతో కడుపు పోదు. పడితేనే ప్రమాదం. వాన రోజుల్లో, ఇసుక పేరుకున్న మలుపుల్లో, వేవిళ్లతో తల తిరిగే పూటల్లో బస్సో ఆటోనో మేలు. మిగతా రోజుల్లో హెల్మెట్ పెట్టుకుని, ఏదైనా తిని, నెమ్మదిగా వెళ్లవచ్చు. అయిదో నెల దాటి పొట్ట ముందుకొచ్చాక బండి మీద ఒంటి తూకం మారుతుంది, అప్పుడు హ్యాండిల్ ఆవిడ చేతిలోంచి మీ చేతిలోకి రావాలి.